సి.డి. డ్రైవు లేని పాత ల్యాప్‌టాపునకు నూతన జీవము
(చిలకలూరిపేటలో గ్రామ యువజనుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



పత్తి, మిరప పండించి సంపాదించిన సొమ్ముతో బిడ్డల చదువునకై కొన్న ల్యాప్‌టాపు, కొన్ని యేండ్లకే అటక పైకి చేరుట మన పల్లెలలో చూచుచున్నాము. పెక్కు సందర్భములలో చెడినది యంత్రము కాదు; దానిని నడిపించు ఆపరేటింగ్ సిస్టమ్ పాతబడినది, అంతియే.

విండోస్ 10నకు మైక్రోసాఫ్టువారి సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసినది. భద్రతా సవరణలు అందని యంత్రముపై బ్యాంకు లావాదేవీలు జరుపుట, తలుపు గడియ వేయక నిద్రించుట వంటిది. విండోస్ 11నకు 4 జీబీ మెమరీతోపాటు టీపీఎం 2.0 అను భద్రతా సాధనము కావలెను. పాత యంత్రములలో పెక్కింటికి అది లేదు. అట్టి వానికి ఉచితముగా లభించు లినక్స్ చక్కని మార్గము. 1991లో ఫిన్లాండు విద్యార్థి లైనస్ టోర్వాల్డ్స్ ప్రారంభించిన ఈ కృషి నేడు ప్రపంచమంతట వ్యాపించినది. దీనిని తెలుగులో అందించుటకు హైదరాబాదులోని స్వేచ్ఛ సంస్థవారు పాటుపడిరి.

“సి.డి. డ్రైవు లేదు గదా, ఎట్లు ఎక్కింపవలెను?” అని మమ్ము పలువురు అడుగుచుందురు. 8 జీబీ పెన్‌డ్రైవు ఒక్కటి చాలును. అయితే పనిని వరుసగా చేయవలెను.

మొదటిది, ఉన్న దానిని భద్రపరచుట. పాసుపుస్తకము నకళ్లు, బిడ్డల సర్టిఫికెట్లు, పెండ్లి ఫోటోలు వేరొక డిస్కునకు ఎక్కించి, వాటిని మరియొక యంత్రములో తెరచి చూడవలెను. డిస్కు మొత్తము తుడిచిన పిమ్మట వాటిని తిరిగి పొందుట దుర్లభము.

రెండవది, యంత్రము శక్తి నెరుగుట. మింట్ ఎక్స్‌ఎఫ్‌సీఈ 2 జీబీ మెమరీతో నడచును. 4 జీబీ ఉన్న మేలు. 32 బిట్ల యంత్రమైనచో 2023లో వెలువడిన డెబియన్ 12 ఎన్నుకొనవలెను. 2025లో వచ్చిన డెబియన్ 13లో అట్టి యంత్రములకు ఇన్‌స్టాలరు లేదు.

మూడవది, బాగుగా పనిచేయు వేరొక కంప్యూటరులో, తయారు చేసినవారి సొంత వెబ్‌సైటు నుండియే ఐఎస్‌ఓ ఫైలు దించుకొనుట. అచ్చటనే ప్రకటించిన చెక్‌సమ్ అంకెతో సరిపోల్చి చూడుడు. కల్తీ విత్తనమువలన నష్టమెంతయో మన రైతులకు వేరుగ చెప్ప నక్కరలేదు.

నాలుగవది, పెన్‌డ్రైవును సిద్ధపరచుట. ఫైలును ఊరక కాపీ చేసిన ఫలితము లేదు. విత్తనపు సంచిని గట్టుపై నుంచినంత మాత్రమున పైరు మొలవదు గదా! యంత్రము మేలుకొనగానే పెన్‌డ్రైవులో నిర్ణీత స్థానమున బూట్ భాగమును వెదకును. దానిని అచ్చట అమర్చుటకు విండోస్‌లో రూఫస్ అను ఉచిత సాధనము కలదు. పాత బయాస్ యంత్రమునకు ఎంబీఆర్, యూఈఎఫ్ఐ యంత్రమునకు జీపీటీ పద్ధతి నెన్నుకొనుడు. పెన్‌డ్రైవులోని పాత ఫైళ్లన్నియు చెరిగిపోవునని మరువరాదు.

ఐదవది, పెన్‌డ్రైవును తగిలించి యంత్రమును వెలిగించుట. వెలిగిన వెంటనే డెల్, లెనోవోలలో సాధారణముగా ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9 నొక్కిన బూట్ పట్టిక కానవచ్చును. అందు యూఎస్‌బీని ఎన్నుకొనుడు.

వెంటనే డిస్కుపై ఎక్కింపవలదు. మింట్ వంటివి పెన్‌డ్రైవు నుండియే నడచును. వైఫై, ధ్వని, కీబోర్డు, తెలుగు అక్షరములు సరిగానున్నవో లేవో పరీక్షించి, తృప్తి కలిగిన పిదపనే ఇన్‌స్టాలు చేయుడు. ఛార్జరును తగిలించియే యుంచుడు. పాత బ్యాటరీ నిలువనిచో, కరెంటు పోవు వేళలందు ఈ పని పెట్టుకొనవలదు.

కొన్ని మిక్కిలి పాత యంత్రములు యూఎస్‌బీ నుండి మేలుకొనవు. అట్టిచో ల్యాన్ తీగద్వారా నెట్‌వర్కు నుండి బూట్ చేయవచ్చును. లేదా తెలిసినవారిచే డిస్కును విప్పించి, వేరొక కంప్యూటరులో ఎక్కించి, తిరిగి బిగింపవచ్చును.

గ్రామమునకు ఇద్దరు యువజనులు ఈ పని నేర్చిన, ఒక్క పెన్‌డ్రైవుతో ఊరిలోని పాత ల్యాప్‌టాపు లెన్నియో తిరిగి విద్యార్థుల చేతికి వచ్చును. కొత్తది కొనుటకు అప్పు చేయుటకు ముందు, అటకపైనున్న దానిని దించి చూడవలసినదిగా మిమ్ము కోరుచున్నాము.