సంవాద ధర్మము



ఈ వార్షిక మహాసభయందు నాలుగు మాటలు చెప్పుటకు మాకు అవకాశ మొసగిన కార్యవర్గమువారికి కృతజ్ఞులము.

మన మార్కాపురపు పలకలు దేశమున పెక్కు బడులకు చేరినవి. పలకకు ఒక సుగుణము గలదు: తప్పు వ్రాసినచో తుడిచి దిద్దుకొనవచ్చును. నేడు బడులలో పలక అరుదైనది. ఆ సుగుణము మన మాటలయందైనను నిలువవలెనని మా కోరిక.

గౌతముని న్యాయసూత్రములందు వాదము, జల్పము, వితండ యని మూడు చెప్పబడినవి. తత్త్వము తెలిసికొనుటకై చేయునది వాదము. గెలుపునకై చేయునది జల్పము. తన పక్షము నిలుపక ఎదుటివాని పక్షమును ఖండించుటయే వితండ. వాదమును అసూయలేనివారితో, శ్రేయస్సు కోరువారితో చేయవలెనని కూడ అందు గలదు.

ఇది యెరిగిన మేమే యొకనాడు తప్పితిమి. గిద్దలూరు ప్రాంతమున ఇద్దరు అన్నదమ్ములు బావినీటి పంపకమునకై తగవులాడి మమ్ము మధ్యవర్తిగా పిలిచిరి. దస్తావేజులు చూచితిమి, సాక్షులను విచారించితిమి. తమ్ముని భార్య గడపకడ నిలిచి యేమో చెప్పబోగా, "పెద్దలు మాటలాడుచున్నారు, ఊరకుండుమమ్మా" అంటిమి. తీర్పు చెప్పితిమి. ఇరువురును తలయూచిరి. అటుపిమ్మట ఆ రెండిండ్లకును పదేండ్లు మాటలు లేవు. ఆమె చెప్పదలచినది మాకు తరువాత తెలిసినది: "బావి బావగారికే యుండనిండు. వేసవిలో మా గొడ్లకు నీరు దక్కిన చాలును."

మా తీర్పు ధర్మవిరుద్ధము కాకపోవచ్చును. కాని చెవియొగ్గని ధర్మము ఇండ్లను కలుపజాలదు. 1923లో "నేను–నీవు" అను జర్మన్ గ్రంథమును వెలువరించిన మార్టిన్ బూబర్, ఎదుటి మనిషిని వస్తువుగా ఎంచుటకును, "నీవు" అని అభిముఖముగా పలుకుటకును గల అంతరమును విశదీకరించెను. ఆనాడు మేము ఆమెను వస్తువుగానే యెంచితిమి. జనకుని సభలో గార్గి రెండుమారులు యాజ్ఞవల్క్యుని ప్రశ్నించినదని చదువుకొన్న మేము ఇట్లు చేయదగునా?

కావున సంఘమువారికి మా విన్నపము: ఇకపై తగవులు తీర్చునపుడు స్త్రీలును పిన్నవారును ముందు మాటలాడవలెను, పెద్దలు కడపట మాటలాడవలెను. ఇతర కులములవారితోడి తగవులందును ఇదియే పద్ధతి కావలెను. కంభము చెరువు నీరు ఏ పొలము ఏ కులమువారిదని అడిగి పారదు గదా!

మా పలక తుడుచుకొనుటకు మేము సిద్ధముగా నున్నాము. ఆ తల్లికి ఈ సభాముఖమున క్షమాపణ చెప్పుకొనుచున్నాము.

స్వస్తి.