లిఫ్ట్ కిట్ వేశా, డిఫరెన్షియల్ మాత్రం పైకి లేవలేదు

ఈసారి నా సొంత తప్పు గురించి. జిమ్నీకి రెండంగుళాల లిఫ్ట్ కిట్ వేయించా. అనంతగిరి దగ్గర మట్టిబాటలో, గాళ్ల మధ్య మిట్టకి డిఫరెన్షియల్ తగిలి ఆగిపోయా. బీటెక్ చదివాను గానీ ఈ చిన్న లెక్క వేసుకోలేదు.

జిమ్నీకి ముందూ వెనకా రిజిడ్ యాక్సిలే. స్ప్రింగులు పెంచితే బాడీ లేస్తుంది, యాక్సిల్ ఉన్నచోటే ఉంటుంది. దాన్ని లేపేది టైరొక్కటే. కంపెనీ టైరు 195/80 ఆర్15, అంటే ఎత్తు 693 మిల్లీమీటర్లు. 235/75 వేస్తే దాదాపు 733. పెరిగింది 40, యాక్సిల్‌కి దక్కేది అందులో సగం, 20.

ఆ 20 కూడా ఊరికే రాదు. మీటరు 60 చూపిస్తుంటే బండి 63 దాటి పోతుంటుంది. చక్రం లాగే బలం దాదాపు 6 శాతం పడిపోతుంది, ఎక్కుడులో క్లచ్ వాసన మొదలు. సరిచేయాలంటే రెండు డిఫరెన్షియల్స్‌లోనూ క్రౌన్, పినియన్ ఒకే రేషియోకి మార్చాలి. ఖర్చు తగ్గుతుందని ఒక్కటే మారిస్తే, ఫోర్ వీల్ వేయగానే రెండు యాక్సిళ్లూ ఒకదాన్నొకటి గుంజుకుంటాయి.

అసలు భయపడింది తిరుగు ప్రయాణంలో. 70 దగ్గర స్టీరింగ్ గడగడా ఊగిపోయింది. పక్కన నాన్న. డ్యాష్‌బోర్డ్ పట్టుకుని కూర్చున్నారు, ఒక్క మాట అనలేదు. లిఫ్ట్‌తో ముందు యాక్సిల్ కాస్త తిరిగి క్యాస్టర్ కోణం తగ్గిందట. కిట్ బిగించినవాళ్లు కరెక్షన్ బుష్‌లు వేయలేదు, నేనూ అడగలేదు. (మోటారు వాహనాల చట్టం సెక్షన్ 52 కూడా ఒకసారి చదవండి, నేను ఆలస్యంగా చదివా.)

కిట్ విప్పించేశా. నాన్న మాత్రం ఇంకా ఆ బండి ఎక్కట్లేదు.