అయోడిన్ చుక్క, అమ్మ పప్పుగుత్తి

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

నేను 1985 పదో తరగతి బ్యాచ్.

“ముప్పై ఏళ్లుగా పంపులు డిజైన్ చేస్తున్నావు గదా, దాని మీద పది నిమిషాలు మాట్లాడు” అన్నారు సంఘం వాళ్లు. భోజనాల ముందు పంపుల గురించి మాట్లాడితే సగం మంది నిద్రపోతారు. అందుకని వంట గురించి చెబుతాను. అదీ ఉడకబెట్టి మెదిపిన బంగాళాదుంపల గురించి. నవ్వకండి, ఈ బడికీ దానికీ సంబంధం ఉంది.

ఎనిమిదో తరగతిలో మా సైన్సు మాస్టారు బంగాళాదుంపను కోసి, ముక్క మీద అయోడిన్ చుక్క వేశారు. గోధుమరంగు చుక్క చూస్తుండగానే నల్లటి నీలంగా మారింది. “ఇది పిండిపదార్థంరా, మొక్క రేపటికని దాచుకున్న తిండి” అన్నారు. మనిషికి ఒక్క చుక్క. నా వంతు వచ్చేసరికి సీసా అయిపోయింది. పక్కవాడి ముక్క చూసి రికార్డు రాశాను.

ఇప్పుడు డల్లాస్‌కు వస్తాను. అమెరికాలో నవంబరు నాలుగో గురువారం థాంక్స్ గివింగ్ పండుగ. 1863లో అధ్యక్షుడు లింకన్ దేశమంతా జరుపుకోవాలని ప్రకటించాడు. 1941లో నాలుగో గురువారమని చట్టం చేశారు. మనకు సంక్రాంతి ఎట్లాగో వాళ్లకు అది అట్లా. ఎక్కడెక్కడి పిల్లలూ ఇంటికి చేరతారు. టర్కీ కోడి, దాని పక్కన వెన్న వేసి మెదిపిన బంగాళాదుంపలు ఉండాల్సిందే.

2022లో ఆ పండుగకు మా అమ్మాయి పెళ్లాడాలనుకున్న కుర్రాడు, వాళ్ల అమ్మానాన్నలతో మా ఇంటికి భోజనానికి వస్తామన్నాడు. వాళ్లు అమెరికన్లు. అప్పటికి అమ్మ అద్దంకి నుంచి వచ్చి నెలయింది. మనవరాలి పెళ్లి మాటెత్తితే లేచి వేరే గదిలోకి పోయేది. ఔననలేదు, కాదనలేదు.

ముందురోజు రాత్రి నేను అమ్మతో ఒక మాటన్నాను. “రేపొక్కరోజు పోపు పెట్టబాకమ్మా, ఇల్లంతా వాసనొస్తుంది.” అమ్మ ఏమీ అనలేదు. “సరేలే అబ్బయా” అంది. పండుమిరప పచ్చడి జాడీని తనే బీరువాలో లోపలికి తోసింది.

మర్నాడు దుంపలు నా బాధ్యత. పన్నెండు మందికి రెండుంపావు కేజీలు. చెక్కు తీసి, సమంగా ముక్కలు కోసి, చన్నీళ్లలో ఉప్పేసి పొయ్యి మీద పెట్టాను. మరిగే నీళ్లలో వేస్తే లోపల ఉడికేలోపు పైన చితికిపోతుంది. అంతవరకూ సరిగ్గానే చేశాను. నీళ్లు వంపి, టైము తక్కువుందని, అంతా మిక్సీలో వేసి తిప్పాను. రెండు నిమిషాల్లో అది సాగడం మొదలుపెట్టింది. గరిటె ఎత్తితే తాడులా లేచింది. పాలు పోస్తే ఇంకా జిగురైంది.

అమ్మ వచ్చి చూసింది. “ఏందబ్బయా ఇది, సినిమా పోస్టర్లు అంటించను కాశావా?”

ఏం జరిగిందో నాకు అప్పుడే తెలిసింది. దుంపలో పిండి చిన్న చిన్న కణాల్లో, సంచుల్లో ధాన్యంలా ఉంటుంది. అరవై, డెబ్భై డిగ్రీల వేడిలో ఆ పిండి నీళ్లు పీల్చి ఉబ్బుతుంది. ఇంకా ఉడికితే సంచులను అంటిపెట్టుకున్న పదార్థం మెత్తబడి అవి విడివిడిగా జారతాయి. మెల్లగా మెదిపితే సంచులు విడిపోతాయే గాని చినగవు. మిక్సీ బ్లేడు సంచులనే కోసేస్తుంది. లోపలి పిండి బయటపడి మైదా జిగురవుతుంది. ముప్పై ఏళ్లు పంపుల్లో చిక్కటి ద్రవాల లెక్కలు వేసినవాణ్ణి, ఇంట్లో గిన్నె ముందు అది గుర్తుకు రాలేదు.

“ఇంకా దుంపలున్నయ్యా?” అంది అమ్మ. ఉన్నాయి. ఆమె సూట్‌కేసులోంచి చెక్క పప్పుగుత్తి తెచ్చింది. “అమెరికాలో ఇదెందుకమ్మా” అని నేను నవ్విన గుత్తి అదే. రెండోసారి ఉడికిన దుంపల్ని, నీళ్లు వంపాక, అదే గిన్నెలో కాసేపు సెగ మీద ఆరబెట్టింది. వేడి మీదనే ఎనిపింది. తిప్పలేదు, దంచలేదు. కందిపప్పును ఎట్లా ఎనుపుతుందో అట్లాగే. నేను వెన్న, గోరువెచ్చని పాలు కలిపాను. దూదిలా వచ్చింది.

ఆ సమయానికే చుట్టాలొచ్చారు. కుర్రాడి తల్లి నేరుగా వంటింట్లోకి వచ్చి, ఆ గుత్తి ఏమిటని అడిగింది. అమ్మకు ఇంగ్లీషు రాదు, ఆమెకు తెలుగు రాదు. గుత్తి అందుకుని తనూ ఎనపబోయింది. అమ్మ ఆమె చెయ్యి పట్టుకుని, ఇట్లా కాదు ఇట్లా అని చూపించింది. మిగిలిన దుంపలు వాళ్లిద్దరే చేశారు.

ఎనిపిన దాంట్లోంచి ఒక చిన్న గిన్నెడు పక్కకు తీసి, నేనే పొయ్యి వెలిగించి, “పోపు పెట్టమ్మా” అన్నాను. అమ్మ నా మొహం చూసింది. ఆవాలు చిటపటలాడాయి, ఎండుమిరపకాయలు, కరివేపాకు పడ్డాయి. ఇల్లంతా వాసనొచ్చింది. బల్ల మీద రెండు గిన్నెలు పెట్టాం. పోపు గిన్నె ముందు ఖాళీ అయింది. కుర్రాడి తండ్రి కళ్లనీళ్లు తుడుచుకుంటూ ఇంత కారం ఎక్కడిదని అడిగాడు. మీ వైపు నుంచి వచ్చిందేనని చెప్పాను. మిరప, బంగాళాదుంప రెండూ ఒకే కుటుంబానికి చెందిన మొక్కలు. రెండూ అమెరికా ఖండాల్లో పుట్టినవే. కొలంబస్ తర్వాతే పోర్చుగీసు ఓడల్లో మన దేశం చేరాయి. ఇవాళ మన పొలాల్లో మిరప లేని ఊరు చెప్పండి.

ఆ రాత్రి గిన్నెలు కడుగుతుంటే అమ్మ అంది: “ఆమె పని తెలిసిన మనిషేరా. పిల్ల ఇబ్బంది పడదులే.” పెళ్లికి ఆమె ఒప్పుకోవడం అంటే అంతే. 2023లో పెళ్లయింది, ముందు వరసలో కూర్చుంది. 2024లో ఇక్కడే, మన ఊళ్లోనే పోయింది. పప్పుగుత్తి మా అమ్మాయి దగ్గరుంది. పండుగ దుంపలు ఇప్పుడు తనే ఎనుపుతుంది.

పోపు పెట్టించాను గాని, ముందురోజు అన్న మాట తప్పని అమ్మతో చెప్పలేదు. చెప్పొచ్చులే అనుకుంటూ రెండేళ్లు గడిపాను. ఆమెను ఎరిగినవాళ్లు ఈ సభలో చాలామంది ఉన్నారు గనక మీ ముందు చెబుతున్నాను: నాది తప్పు.

చివరగా ఒక్క మాట. మన బడి ల్యాబులో అయోడిన్, పరీక్ష నాళికలు, పిల్లలందరికీ చాలేటన్ని ప్రతి ఏడూ కొనే ఖర్చు నేను పెట్టుకుంటాను. సంఘం అనుమతించాలి. ఏ పిల్లా, ఏ పిల్లాడూ పక్కవాళ్ల ముక్క చూసి రికార్డు రాయకూడదు. మాస్టారు ఇక్కడే కూర్చున్నారు. అయ్యా, నా చుక్క ఇంకా బాకీ ఉంది.