కనీసపు ధరకు అమ్ముడుపోయిన ఆటగాడు



వేలముపాట యనగా నేమో విశాఖపట్టణపు ఫిషింగ్ హార్బరు ప్రజలకు ఎవ్వరును వివరించి చెప్పనక్కఱలేదు. తెల్లవారకముందే మరపడవలు జెట్టీకి చేరును. ఐసులోనుండి తీసిన చేపలను కుప్పలుగా పోయుదురు. పాటదారుడు గొంతెత్తును. కొనవచ్చిన స్త్రీలును, వర్తకులును చుట్టు నిలిచి, చేప కన్ను తేటగా నున్నదా, మొప్పలు ఎఱ్ఱగా నున్నవా, వ్రేలితో నొక్కిన కండ తిరిగి పైకి లేచుచున్నదా యని చూచి, లోలోపల ఒక లెక్క వేసికొందురు. అయినను పలుకు ధర చేపను బట్టి మాత్రమే యుండదు. ఆనాడు ఎన్ని పడవలు వచ్చినవి, పెద్ద వర్తకులు వచ్చిరా లేదా, కొనువారి చేతిలో ఎంత సొమ్ము మిగిలినది, ఇవన్నియు కలిసి ఆ ధరను నిర్ణయించును. మేలైన వంజరము చౌకగా పోయిన దినములు కలవు. సాధారణమైన సరుకు గిరాకీ వలన ఎక్కువ పలికిన దినములును కలవు.

ధరకును విలువకును గల ఈ దూరమును ఎఱిగిన వారికి, నేడు మేము మనవి చేయబోవు విషయము సులభముగా బోధపడును. 2008లో ఇండియన్ ప్రీమియర్ లీగు ఆరంభమైనది మొదలు క్రికెట్టు ఆటగాండ్రను సైతము వేలములో కొనుచున్నారు. పేరుపొందిన వారికి కోట్లు పలుకును. పేరు లేని కుఱ్ఱవాండ్రలో ఎందఱో కనీసపు ధరకే పోవుదురు. అట్టి కుఱ్ఱవాని భవిష్యత్తును ఎట్లు అంచనా వేయవలెను? అతడు నిలుచునా? రెండేండ్లలో మఱవబడునా? ఇది జట్ల యజమానుల ప్రశ్న మాత్రమే కాదు. సముద్రపుటొడ్డున ఇసుకలో బ్యాటు పట్టిన పిల్లవాడు గల ప్రతి యింటి ప్రశ్న. చదువు సాగింపవలెనా, పడవపనిలో పెట్టవలెనా, ఆటలోనే ఉంచవలెనా యని తర్కించుకొను తలిదండ్రులు మన పేటలలో లేకపోలేదు.

ప్రశ్నను గాలిలో ఉంచక, మన ఊరి ఉదాహరణమునే తీసికొందము. 2022 డిసెంబరు 23వ తేదీన కొచ్చిలో ఆ లీగు వేలము జరిగెను. 405 మంది పేర్లు జాబితాలో నుండగా 80 మంది అమ్ముడుపోయిరి. పది జట్లు కలిసి వెచ్చించిన మొత్తము 167 కోట్ల రూపాయలు. హైదరాబాదు సన్‌రైజర్సు జట్టు ఆ దినమున ఇంగ్లండు ఆటగాడు హారీ బ్రూకును 13 కోట్ల 25 లక్షలకు కొనెను. అదే జట్టు, అదే దినమున, విశాఖపట్టణమున జన్మించిన 19 ఏండ్ల నితీశ్ కుమార్ రెడ్డిని 20 లక్షలకు తీసికొనెను. ఒకరి ధర మఱియొకరి ధరకు అఱువది యాఱు రెట్లు.

తరువాత నేమి జరిగినదో నేడందఱకును తెలియును. జరిగిన పిమ్మట జోస్యము చెప్పుట గొప్ప కాదు. ఆ దినమున, ఆ కుఱ్ఱవానిని గూర్చి తెలిసియుండిన దానిని బట్టి, బుద్ధిమంతుడైన పరిశీలకుడు ఏమి చెప్పగలిగియుండును? అదియే మనము ఆలోచింపవలసిన విషయము.

మొదట అంకెలు. పదునాఱేండ్ల లోపు బాలురకై జరుగు విజయ్ మర్చంట్ పోటీలలో, 2017-18లో, నితీశ్ 1237 పరుగులు చేసెను. సగటు 176కు పైగా. అందు నాగాలాండుపై 345 బంతులలో చేసినవి 441. ఆ యేటి మేటి బాలక్రీడాకారుడుగా క్రికెట్టు బోర్డు వారు జగ్మోహన్ దాల్మియా పేరిట బహుమానము నిచ్చిరి. ఇట్టి అంకెలను చూచి కన్నులు చెదరుట సహజము. కాని సరుకును తూచువాడు తూనికరాయిని కూడ పరీక్షింపవలెను. ఆనాటికి నాగాలాండు రంజీ పోటీలలో ఇంకను అడుగుపెట్టలేదు. 2018-19లో గాని ఆ రాష్ట్రమునకు ఆ యవకాశము రాలేదు. అట్టి జట్టుపై చేసిన పరుగులకు పూర్తి విలువ కట్టరాదు. సరే, ఆ 441ని మొత్తముగా తీసివేసి చూతము. ఇంకను 796 పరుగులు మిగులును. ఒక్క యాటతో ఉబ్బిన లెక్క కాదని తేలినది. మిక్కిలి పెద్ద అంకె కనబడినపుడు దానిని ప్రక్కన పెట్టి, మిగిలిన దానిని చూచుట మంచి పద్ధతి. గంపలో పైనున్న ఒక్క పెద్ద చేపను చూచి పాట పెంచువాడు అడుగున నున్న సరుకునకును ఆ ధరయే చెల్లించును గదా!

రెండవది, అతని పని ఎట్టిది, ఆ పనికి గిరాకీ ఎంత యనునది. మన దేశమున బ్యాటుతో రాణించు యువకులకు కొదువ లేదు. స్పిన్ను బౌలర్లకును కొదువ లేదు. వేగముగా బంతి విసరుచు, మధ్యవరుసలో పరుగులు చేయగల వారు మాత్రము అరుదు. 2015లో ముంబయి జట్టు హార్దిక్ పాండ్యాను 10 లక్షల కనీసపు ధరకు కొనెను. అతడు భారతజట్టున స్థిరపడిన తరువాత, గాయముతో లేనపుడెల్ల ఆ స్థానమును పూరించుటకు ఎంపికవారు ఎంతో వెదకవలసి వచ్చెను. నితీశ్ 2020 జనవరిలోనే, పదునాఱేండ్ల వయస్సున, ఆంధ్ర తరఫున రంజీ ఆటలో దిగి, బంతిని, బ్యాటును రెండింటిని సాధన చేయుచుండెను. కనుక అతనికి పోటీదారులు తక్కువ. ఒకే ప్రతిభ గల ఇద్దఱిలో, అరుదైన పని నేర్చినవానికే తలుపు ముందుగా తెఱచుకొనును.

మూడవది అవకాశము. దీనిని లెక్కింపక కుఱ్ఱవానిని దూషించుట మన వారికి అలవాటు. 2023లో నితీశ్‌ను రెండు ఆటలలో మాత్రమే దింపిరి. బ్యాటు పట్టు వంతు ఒక్కసారియైనను రాలేదు. ఆ యేటి పట్టికను చూచి, ఇతడు పనికిరాడని తీర్పు చెప్పిన యెడల, అది ఆడనివానిపై చెప్పిన తీర్పగును. మఱుసటి యేడు వంతు వచ్చెను. 2024 ఏప్రిల్ 9న పంజాబు జట్టుపై 37 బంతులలో 64 పరుగులు చేసెను; హైదరాబాదు రెండు పరుగుల తేడాతో గెలిచెను. మన మరపడవలు చేపలవేట నిషేధమున జెట్టీకి కట్టుబడియుండు కాలమున, మే 2న, రాజస్థాను జట్టుపై 42 బంతులలో 76 పరుగులతో అజేయుడుగా నిలిచెను. ఒక్క పరుగు తేడాతో గెలుపు దక్కెను. ఆ యేటి మొత్తము 303 పరుగులు, ఉదయించు క్రీడాకారుడను బహుమానము అతనికి లభించెను. అక్టోబరు చివర ఆ జట్టే అతనిని 6 కోట్లకు నిలుపుకొనెను. ఇరువది లక్షల సరుకు రెండేండ్లలో ముప్పది రెట్లయ్యెను.

మఱి పదమూడు కోట్ల బ్రూకు మాట యేమి? 2023లో 11 ఆటలలో 190 పరుగులు. అందు ఒక్క యాటలోనే నూఱు. తక్కిన పది యాటలకును కలిపి తొంబది. జట్టు అతనిని వదలుకొనెను. అంతమాత్రమున అతడు చేతగానివాడా? 2024 అక్టోబరులో ముల్తానులో పాకిస్తానుపై టెస్టు ఆటలో 317 పరుగులు చేసినవాడు అతడే. కనుక ఎక్కువ ధర గొప్పతనమును హామీ యిచ్చుట లేదు. ఆ ధరకు తగని ఒక యేడు అసమర్థతను ఋజువు చేయుటయు లేదు.

నాలుగవది, వాతావరణము చెడినపుడు కుఱ్ఱవాడు ఎట్లుండును అను ప్రశ్న. దీనికి వేలమునాడు ఎవ్వరును జవాబు చెప్పలేరు. 2024 డిసెంబరులో మెల్‌బోర్న్‌లో ఆస్ట్రేలియా 474 పరుగులు చేసెను. భారతజట్టు 191 పరుగులకు ఆఱుగురిని పోగొట్టుకొన్న వేళ నితీశ్ దిగెను. ఏడవ వికెట్టు 221 వద్ద పడెను. వాషింగ్టన్ సుందర్‌తో కలిసి 127 పరుగులు జోడించి, జట్టును ఫాలో-ఆన్ నుండి తప్పించెను. తొంబది తొమ్మిది వద్ద నుండగా అవతల బుమ్రా అవుటయ్యెను. చివరివాడైన సిరాజ్ కమిన్సు విసరిన మూడు బంతులను కాచుకొనెను. తరువాత నితీశ్ ఫోరు కొట్టి నూఱు పూర్తిచేసెను. ప్రేక్షకులలో తండ్రి ముత్యాలరెడ్డి కన్నీరు పెట్టుకొనుట దేశమంతయు చూచెను. మొత్తము 114 పరుగులు. ఆ యాట భారతము ఓడిపోయినదన్న మాటయు చెప్పవలెను. ఓడిపోవు పడవలో చుక్కాని వదలనివాడే పనివాడని హార్బరు పెద్దలకు మేము చెప్పవలసిన పని లేదు.

అయిదవది శరీరము. దీని విషయమున అమెరికా వారి ఫుట్‌బాలునుండి ఒక పాఠము కలదు. అచ్చట వేలము లేదు. ఏడు వరుసలలో జట్లు వంతులవారీగా యువకులను ఎంచుకొనును. 1995లో టెరెల్ డేవిస్ అను యువకుడు ఆఱవ వరుసలో, 196వ వాడుగా ఎంపికయ్యెను. బంతిని చంకలో నిడుకొని ఎదిరిజట్టు మనుష్యుల మధ్య దూసికొనిపోవుట అతని పని. 1998లో ఒకే యేట 2008 గజములు పరుగెత్తి, ఆ క్రీడలో అరుదైన ఘనతను సాధించెను. మఱుసటి యేడే మోకాలు దెబ్బతినెను. పిదప అతడు ఆడినది స్వల్పము. అయినను ఆ కొద్ది యేండ్ల ఘనతకే 2017లో ఆ క్రీడ మహనీయుల సరసన చోటు దక్కెను. బలమును ఖర్చు చేయు పనిలో కాలము పొట్టిది. నితీశ్ విషయమునను 2025 జనవరిలో ప్రక్కటెముకల కండరము, జూలైలో ఇంగ్లండు పర్యటనలో మోకాలు అడ్డు తగిలెను. వేగముగా బంతి విసరు ఆటగాని అంచనాలో మోకాలునకును, నడుమునకును ఒక గడి కేటాయింపవలెను. ప్రతిభను మాత్రమే చూచి భవిష్యత్తును నిర్ణయించుట, ఇంజను చూడక రంగు చూచి పడవ కొనుట వంటిది.

ఇంతవఱకు చెప్పినది గెలిచినవాని కథ. శ్రోతలు మఱవరాని సంగతి మఱియొకటి కలదు. అదే దినమున అదే 20 లక్షలకు పోయిన యువకులు ఇంకను ఎందఱో కలరు. వారిలో అధికుల పేర్లు నేడు మన నోట రావు. జాబితాలో నుండి ఆ ధరయైనను పలుకనివారు మూడువందల పైబడిరి. ఆ జాబితాకే చేరనివారి లెక్క మనకు లేదు. ఒడ్డునకు వచ్చిన పడవను మాత్రమే చూచి సముద్రము సులభమని తలచువాడు మత్స్యకారుడు కాడు.

ముత్యాలరెడ్డి హిందుస్థాన్ జింకు సంస్థలో ఉద్యోగి. ఉదయపూరునకు బదిలీ కాగా, కుమారుని ఆటకొఱకు ఉద్యోగమునే వదలుకొనెను. ఆ త్యాగము ఫలించినది గనుక మనము దానిని పొగడుచున్నాము. ఫలింపక పోయినను ఆ తండ్రి ప్రేమ తక్కువది కాదు. కాని ఆ యింటి గతి వేఱుగా నుండెడిది. ఉన్నదంతయు ఒక్క పడవపై పెట్టుట యన నేమో ఈ హార్బరునకు తెలియును. 2023 నవంబరు 19 రాత్రి ఇచ్చటనే మంటలు చెలరేగి సుమారు 40 పడవలు దగ్ధమయ్యెను. పడవ తప్ప వేఱు ఆధారము లేని కుటుంబములు ఆ ఉదయమున ఎట్లు నిలిచినవో చూచినవారు దానిని మఱవజాలరు.

కావున మేము చెప్పదలచిన దిది. కుఱ్ఱవానికి తక్కువ ధర పలికినదని చిన్నబుచ్చవద్దు. ఆ ధర ఆనాటి కొనువారి అవసరమును, వారికి తెలిసినంత మేఱకు గల జ్ఞానమును మాత్రమే చెప్పును. పెద్ద అంకెను తీసివేసి మిగిలినదానిని చూడుడు. అతని పని అరుదైనదా యని అడుగుడు. వంతు వచ్చినదాకా తీర్పు నిలుపుడు. వంతు వచ్చినపుడు, గాలి ఎదురైన దినమున అతని నడతను గమనింపుడు. శరీరమును కాపాడుడు. ఇన్నియు చూచిన పిమ్మటను, పదిమందిలో తొమ్మండుగురికి ఆట జీవనాధారము కాకపోవచ్చునని తెలిసికొని, చదువునో చేతిపనినో వదలనీయకుడు. పాఠశాల విడిచిన పిమ్మట మైదానమునకు పంపుడు. మైదానము కొఱకు పాఠశాలను విడిపింపకుడు.

ఆశను చంపుమని మేము చెప్పుట లేదు. ఆశకు ఒక లంగరు వేయుమని మాత్రమే చెప్పుచున్నాము. లంగరు గల పడవయే మఱునాడు మరల వేటకు పోగలుగును.