క్రోషియాతో సముద్రపు తాబేలు

(గిద్దలూరు ప్రాంత పొదుపు సంఘముల సోదరీమణుల నుద్దేశించిన ప్రసంగ పాఠము)



మన గిద్దలూరు నల్లమల అడవుల అంచున, సముద్రమునకు నూరు కిలోమీటర్లకు మించిన దూరమున నున్న ఊరు. ఇచ్చటి పిల్లలలో సముద్రమును చూడనివారు అనేకులుందురు. కాని తాబేలును ఎరుగని బిడ్డ యుండడు. బావిలోనో చెరువులోనో దానిని చూచియే యుండును. కావుననే నేడు సముద్రపు తాబేలు బొమ్మను క్రోషియా సూదితో అల్లు విధమును, అల్లిన పిదప దానికి వెల కట్టు విధమును మీకు వివరింపదలచితిమి. ఈ రెంటిలో రెండవది మొదటిదానికంటె తక్కువ ముఖ్యమైనది కాదు.

ఇట్లు దారముతో అల్లి, లోపల దూది కూరి చేయు చిన్న బొమ్మలకు జపాను దేశమున అమిగురుమి అని పేరు. అల్లిక, కూరిన బొమ్మ అను అర్థములుగల రెండు జపాను మాటల కలయిక అది. నేడీ బొమ్మలు ప్రపంచమంతట అల్లబడుచున్నవి. మనకు క్రోషియా క్రొత్తది కాదు. గుమ్మపు తోరణములు, బల్లగుడ్డలు అల్లిన చేతులు మన యిండ్లలోను కలవు. ఆ పని తెలిసినవారికి ఈ బొమ్మ సులభము. తెలియనివారికి ఇదియే మొదటి పాఠము కాగలదు.

నరసాపురము నేర్పిన పాఠము

మన రాష్ట్రమున క్రోషియా అనగానే పశ్చిమ గోదావరి జిల్లాలోని నరసాపురము, పాలకొల్లు ప్రాంతములు జ్ఞప్తికి వచ్చును. 19 వ శతాబ్దమున క్రైస్తవ మిషనరీలు అచ్చటి స్త్రీలకు ఈ అల్లికను నేర్పిరి. క్రమముగా అది వేలకొలది ఇండ్లకు వ్యాపించినది. ఆ స్త్రీలు అల్లిన లేసు విదేశములకు ఎగుమతియైనది. 2024 వ సంవత్సరమున నరసాపురము క్రోషియా లేసు వస్తువులకు భౌగోళిక గుర్తింపు కూడ లభించినది. ఆ చేతుల నేర్పు మన కందరికి గర్వకారణము.

అయితే ఆ చరిత్రలో మనము గమనింపవలసిన మరియొక విషయము కలదు. జర్మనీ దేశపు సామాజిక శాస్త్రజ్ఞురాలు మరియా మీస్ 1970 ల చివర నరసాపురము ప్రాంతమునకు వచ్చి, లేసు అల్లు స్త్రీల జీవితమును పరిశీలించి, 1982 లో ఒక గ్రంథమును ప్రకటించినది. అచ్చట పని ముక్కలుగా పంచబడి యుండెను. పువ్వులు మొదలగు భాగములను అల్లుట చేతిపని. వానిని ఒకటిగా చేర్చుట అతుకుపని. పువ్వులల్లిన స్త్రీ చేతిలో పూర్తియైన వస్తువు ఏనాడును నిలువదు. పూర్తి వస్తువు చేతిలో లేనిది అంగడికి ఏమి తీసికొనిపోగలదు? దారము తెచ్చి యిచ్చు మధ్యవర్తి చెప్పినదే కూలి. పైగా ఇది గృహిణులు తీరికవేళ చేసికొను పని యని పేరు పెట్టి, కూలి తక్కువగా కట్టిరి. కాని ఆ తీరికవేళ యనునది యింటిపనులు గాక దినమునకు ఆరు మొదలు ఎనిమిది గంటల వరకు సాగుచుండెనని ఆ గ్రంథము తెలుపుచున్నది.

నేడు మేము తాబేలు బొమ్మను ఎంచుకొనుటకు కారణ మిదియే. ఇది చిన్నది. మొదటి ముడి మొదలు చివరి కుట్టు వరకు ఒక్కరి చేతిలోనే పూర్తియగును. దీనిలో ఎన్ని కుట్లున్నవో చేసినవారికి తెలియును. లెక్క తెలిసినవారిని మోసపుచ్చుట కష్టము.

కావలసిన వస్తువులు

బజారులో ఉలెన్ దారమను పేర దొరకు మధ్యరకపు దారము రెండు రంగులలో కావలెను. డిప్పకు బూడిదవన్నె కలిసిన ఆకుపచ్చ, పొట్టకు తలకు కాళ్ళకు లేత పసుపు చాలును. 3 మిల్లీమీటర్ల క్రోషియా సూది, పెద్ద కన్నుగల కుట్టుసూది, కొంచెము నల్లదారము, కత్తెర, కూరుటకు దూది సిద్ధము చేసికొనుడు. బూరుగుదూది తేలికయే కాని తడిసిన ఉండకట్టును. పిల్లల బొమ్మను తరచుగా ఉతుకవలసి వచ్చును గనుక దిండ్లలో పెట్టు పాలియెస్టరు దూది మేలు. దారము ముక్కను ముందుగా నీటిలో నానబెట్టి, తెల్లగుడ్డపై రుద్ది, రంగు అంటుకొనకున్ననే వాడుడు. పసిబిడ్డలు బొమ్మను నోట పెట్టుకొనకుండ నుండరు.

మూడు మెళకువలు

మొదటిది గొలుసు. దారముతో జారుముడి వేసి సూదికి తగిలింపుడు. సూదిపై దారము చుట్టి, ఆ ముడిలోనుండి ఇవతలకు లాగుడు. ఒక గొలుసు కన్ను ఏర్పడినది.

రెండవది కుట్టు. సూదిని కన్నులోనికి దూర్చి, దారమును పట్టి ఇవతలకు లాగుడు. సూదిపై రెండు ఉచ్చులుండును. మరల దారము చుట్టి రెండింటిలోనుండి ఒకేసారి లాగుడు. దీనిని సింగిల్ క్రోషియా అందురు. మనము కుట్టు అని మాత్రము వ్యవహరింతము.

మూడవది జంటకుట్టు. ఒకే కన్నులో రెండు కుట్లు వేయుటయే జంటకుట్టు. అల్లిక వెడల్పగుట కిదియే ఉపాయము.

ప్రతి వరుస మొదటి కుట్టునకు వేరు రంగు దారపు ముక్కను గుర్తుగా తగిలింపుడు. వరుసలను ముడివేయక నత్తగుల్లవలె చుట్టుచు పోవలెను. గుర్తు లేనిచో వరుస ఎచ్చట ముగిసినదో తెలియదు.

డిప్ప, పొట్ట

రెండు గొలుసులు వేసి, సూదికి రెండవదైన కన్నులో 6 కుట్లు వేయుడు. ఇది మొదటి వరుస. రెండవ వరుసలో ప్రతి కన్నులోను జంటకుట్టు వేసిన 12 అగును. మూడవ వరుసలో ఒక కుట్టు, ఒక జంటకుట్టు చొప్పున వేసిన 18. నాలుగవ వరుసలో రెండు కుట్లు, ఒక జంటకుట్టు చొప్పున 24. ఐదవ వరుసలో మూడు కుట్లు, ఒక జంటకుట్టు చొప్పున 30 అగును. ఇంతవరకు అల్లిక అప్పడమువలె చదునుగా నుండును. తరువాత నాలుగు వరుసలు జంటకుట్టు లేక 30 చొప్పున అల్లినచో అంచులు వంగి గిన్నె ఆకారము వచ్చును. ఇదియే డిప్ప.

పొట్టకు మొదటి ఐదు వరుసలు మాత్రము అల్లి, 30 కుట్ల వద్ద ఆపుడు. డిప్ప అంచున 30, పొట్ట అంచున 30. రెంటి లోపలివైపులు ఎదురెదురుగా నుంచి, రెండు కన్నులను కలుపుచు కుట్టు వేసిన సరిగా అతుకును. 24 కుట్లు పడిన తరువాత దూది కూరి, మిగిలిన 6 వేసి మూయుడు.

చదునుగా నుండవలసిన అల్లిక ముందే గిన్నెవలె ముడుచుకొన్నచో జంటకుట్లు తప్పిపోయినవని గ్రహింపుడు. అంచు అలలు అలలుగా లేచినచో అవి ఎక్కువైనవి. కన్నులలోనుండి దూది కనబడినచో దారమును ఇంకను బిగువుగా పట్టవలెను. తప్పు జరిగిన విచారపడ నక్కరలేదు. దారము లాగిన అల్లిక ఊడివచ్చును. మరల అల్లుకొనవచ్చును. ఈ పనిలో వృథా యగునది కొంత కాలమే గాని దారము కాదు.

తల, కాళ్ళు

తలకు 6, 12 కుట్ల వరుసలు వేసి, పిదప 12 చొప్పున మూడు వరుసలు అల్లి, దూది కూరుడు. ముందుకాళ్ళు రెంటికి 6 కుట్లు, తరువాత ఒక కుట్టు ఒక జంటకుట్టు చొప్పున 9, పిదప 9 చొప్పున ఐదు వరుసలు వేయుడు. వెనుకకాళ్ళకు ఆ 9 కుట్ల వరుసలు రెండే చాలును. కాళ్ళలో దూది పెట్టక చదునుగా అదుముడు. ప్రతి భాగమునకు జానెడు దారము మిగిల్చి కత్తిరించిన, దానితోనే డిప్పకు పొట్టకు నడుమ అతుకు వెంబడి గట్టిగా కుట్టవచ్చును.

ముందుకాళ్ళు పొడవుగా నుండుటకు కారణము కలదు. చెరువు తాబేలు కాళ్ళకు గోళ్ళుగల వ్రేళ్ళుండును. సముద్రపు తాబేలు ముందుకాళ్ళు తెడ్లవలె నుండి ఈదుటకు ఉపకరించును. అది తలను డిప్పలోనికి ముడుచుకొనజాలదు. మన తీరమునకు ఎక్కువగా వచ్చునది ఆలివ్ రిడ్లే అను జాతి. చలికాలపు చివర, వేసవి మొదట ఆడతాబేళ్ళు రాత్రివేళ ఒడ్డునకు వచ్చి, ఇసుకలో గుంట త్రవ్వి, ఇంచుమించు నూరు గ్రుడ్లు పెట్టి, కప్పి మరల సముద్రమునకు పోవును. నీటిలో జీవించినను అవి పైకి వచ్చి గాలి పీల్చవలెను. కావుననే పెద్ద వలలలో చిక్కినచో ఊపిరాడక చనిపోవుచున్నవి. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టమువలన వీనికి రక్షణ కలదు. బొమ్మతోపాటు ఈ సంగతియు బిడ్డకు చెప్పుడు.

బిడ్డకు కీడు కలుగరాదు

కన్నులకు పూసలు గాని బొత్తాములు గాని కుట్టవలదు. అవి ఊడి పసివాని గొంతున అడ్డుపడిన ప్రాణాపాయము. నల్లదారముతోనే కన్నులు కుట్టుడు. బొమ్మకు పొడవైన త్రాడు కట్టవలదు. ప్రతి కాలిని గట్టిగా లాగి చూచి, ఊడదని నిశ్చయించుకొనిన పిమ్మటనే ఇతరుల కీయుడు.

అమ్మదలచినవారు ఒక నిబంధనను తెలిసికొనవలెను. 2021 జనవరి 1 నుండి మన దేశమున అమ్ము బొమ్మలకు ఐ.ఎస్.ఐ. గుర్తు తప్పనిసరి చేయబడినది. హస్తకళల డెవలప్‌మెంట్ కమిషనర్ కార్యాలయమున నమోదైన చేతిపనివారు చేసి అమ్ము బొమ్మలకు మినహాయింపు కలదు. కావున వ్యాపారముగా సాగింపదలచినవారు ముందుగా చేతిపనివారుగా నమోదు చేయించుకొనుట మంచిది.

వెల కట్టు విధము

ఇప్పుడు కుట్లు లెక్కింతము. డిప్పకు 210, పొట్టకు 90, రెంటిని కలుపుటకు 30, తలకు 54, ముందుకాళ్ళు రెంటికి 120, వెనుకకాళ్ళు రెంటికి 66. మొత్తము 570 కుట్లు. నిమిషమునకు 10 కుట్లు వేయగలిగినవారికి అల్లిక 57 నిమిషములు పట్టును. కూరుట, అతుకుట, కన్నులు కుట్టుట మరియొక గంట యనుకొనిన, మొత్తము రెండు గంటల పని.

ఉదాహరణకు గంటకు 50 రూపాయల కూలి, దారమునకు దూదికి 30 రూపాయల ఖర్చు అనుకొందము. మీ ఊరి కూలిని బట్టి ఈ అంకెలను మార్చుకొనవచ్చును. రెండు గంటల కూలి 100, సామగ్రి 30, మొత్తము 130 రూపాయలు. ఇందులో లాభము లేదు. ఇది కేవలము అసలు వెల. ఎవరైన వచ్చి 70 రూపాయల కడిగినచో, సామగ్రి పోను మిగులునవి 40. అనగా గంటకు 20 రూపాయలు. ఆ బేరమున కొప్పుకొనుటయో మానుటయో మీ యిష్టము. కాని ఎరిగి ఒప్పుకొనుడు.

సంఘములో నలుగురు కలిసి పని పంచుకొనవలసి వచ్చినను ఈ లెక్కయే త్రాసు. నాలుగు కాళ్ళకు 186 కుట్లు, అనగా మొత్తము అల్లికలో ఇంచుమించు మూడవ వంతు. కాళ్ళు అల్లిన సోదరికి అల్లిక కూలిలో ఆ వంతు రావలెను. అతుకువారి గంటకును వేరుగా కూలి కట్టవలెను. అయితే ప్రతి సభ్యురాలును మొదట కనీసము ఒక తాబేలును తానే పూర్తిగా అల్లి యుండవలెను. అప్పుడే తన వంతు ఎంతయో ఆమెకు ఒకరు చెప్పవలసిన పని యుండదు.

వానలు తక్కువైన ఈ మెట్ట ప్రాంతమున ఒక బొమ్మ సేద్యమునకు బదులు కాజాలదు. వలసపోవు కుటుంబమును ఇది యొక్కటే ఆపగలదని మేము చెప్పబోము. కాని తీరికవేళ పని యని దీని వెల తగ్గించుటకు మాత్రము ఎవ్వరికిని అధికారము లేదు. మీ తీరికవేళకు యజమానులు మీరే.

చివరగా ఒక్క మాట. మొదటి తాబేలును అమ్మవలదు. మీ యింటి బిడ్డకే యిచ్చి వారము దినములు చూడుడు. బిడ్డ దానిని లాగును, కొరుకును, దుమ్ములో పడవేయును. ఏ కాలు వదులైనదో, ఎచ్చట దూది బయటపడినదో, ఉతికిన పిదప ఆకారము నిలిచినదో వ్రాసి యుంచుకొనుడు. ఆ లోపములను సవరించి అల్లిన రెండవ తాబేలునకు మీ లెక్క ప్రకారము వెల కట్టుడు.