బొగ్గు బాయి నుంచి మంచు గుహ దాకా
(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

"అమెరికాలో ఉంటున్నావు కదా, మన పిల్లలకు ఏదైనా కొత్త విషయం చెప్పు" అన్నారు నిర్వాహకులు. గోదావరిఖని ఎండల్లో పెరిగిన మనకు మంచు కన్నా కొత్త విషయం ఏముంటుంది? రోహిణి కార్తెలో సైకిల్ మీద వచ్చే ఐసు డబ్బాయే మనకు మంచుకొండ. అందుకే మంచు గుహల గురించి నాలుగు మాటలు చెబుతాను.

మనం మంచు గుహలు అనేవాటిలో ముఖ్యంగా మూడు రకాలున్నాయి.

మొదటిది, మంచు నిలిచిన రాతి గుహ. చలికాలపు గాలి లోపలి రాళ్లను బాగా చల్లబరుస్తుంది. ఆ తర్వాత పైన కరిగిన నీరు పగుళ్ల గుండా దిగి ఆ చలికి గడ్డకడుతుంది. ఆస్ట్రియాలో వెర్ఫెన్ ఊరి దగ్గరున్న ఐస్‌రీజెన్‌వెల్ట్ ఇలాంటిదే. దాని పొడవు 42 కిలోమీటర్లు, మంచు ఉండేది మాత్రం ముందు భాగంలోనే. మనవాళ్లు ఎందరో దర్శించుకొనే అమర్‌నాథ్ గుహ 3,888 మీటర్ల ఎత్తున ఉంది. అక్కడి మంచులింగం కూడా కారే నీరు గడ్డకట్టి ఏర్పడేదే. బొర్రా గుహల్లో నీటిచుక్క సున్నాన్ని పేర్చినట్టు, అక్కడ మంచును పేరుస్తుంది.

రెండవది, హిమానీనదం కింది గుహ. ఎండాకాలంలో కరిగిన నీరు పగుళ్లలోంచి అడుగుకు చేరి, వాగులా పారుతూ సొరంగం తొలుస్తుంది. చలికి నీరు తగ్గాక ఆ సొరంగం ఖాళీగా మిగులుతుంది. ఐస్‌లాండ్‌లో ఇవి ప్రసిద్ధి. వీటిని చూడడానికి చలికాలమే తగిన కాలం. 2024 ఆగస్టులో అక్కడి బ్రేదామెర్కుర్‌యోకుల్ హిమానీనదం దగ్గర మంచు కూలి ఒక యాత్రికుడు చనిపోయాడు. ఆ బృందం వెంట గైడు కూడా ఉన్నాడు.

మూడవది నేను కళ్లారా చూసినది. సియాటిల్‌కు ఈశాన్యంగా బిగ్ ఫోర్ అనే కొండ ఉంది. చలికాలంలో ఆ కొండ మీదినుంచి జారిపడిన మంచు అడుగున కుప్పపడుతుంది. ఎండలు ముదిరాక కింద పారే నీరు, లోపలికి దూరే వేడిగాలి కలిసి ఆ కుప్పను తొలిచేస్తాయి. బయటికి తెల్లగా, గట్టిగానే కనబడుతుంది. లోపల కప్పు రోజురోజుకూ పలచబడుతుంది. 2010లో అక్కడ మంచుగడ్డ పడి 11 ఏళ్ల పాప చనిపోయింది. ఆ పాప గుహ లోపల లేదు, బయటే ఉంది. 2015 జూలైలో గుహ కూలి మళ్లీ ప్రాణాలు పోయాయి.

ఒక జూలైలో పిల్లలతో అక్కడికి వెళ్లాను. అడవిలో మైలుకు పైగా నడక. గుహ కనబడగానే చల్లటి గాలి ముఖానికి తగిలింది. లోపల ఎవరో ఫొటోలు దిగుతున్నారు. "అందరూ పోతున్నారు కదా డాడీ" అని మావాడు ముందుకు ఉరికాడు. నిజం చెప్పాలంటే నాకూ పోవాలనిపించింది.

అప్పుడు మా బాపు గుర్తుకొచ్చాడు. బాయి పని గురించి ఆయన చెప్పేది ఒక్కటే: "కప్పును కర్రతో కొట్టి మోత వినాలె బిడ్డా. డొల్ల మోత వస్తే ఎనకకు రావాలె. సర్దార్ చూసినంకనే పోవాలె." మన క్లాసులో ఒకడి నాయన రూఫ్ పడి పోయిన రోజు మీకు గుర్తుండే ఉంటుంది. ఆ వారమంతా మనం ఆడుకోలేదు.

ఆ మంచు కప్పును పరీక్షించే సర్దార్ ఎవరూ లేరు. పిల్లవాడి చెయ్యి పట్టుకొని వెనక్కి తీసుకొచ్చాను. వాడు ఇంటికి చేరేదాకా నాతో మాట్లాడలేదు.

కాబట్టి మీ పిల్లలు ఇలాంటి చోట్లకు పోతే ఇవి చెప్పండి. బిగ్ ఫోర్ లాంటి గుహల్లోకి ఏ కాలంలోనూ పోవద్దు. మంచుకుప్ప మీదికి ఎక్కవద్దు, గుహ నోటి ముందు నిలబడవద్దు, దారి ముగిసిన చోటనే ఆగి చూడాలి. హిమానీనదం గుహలకైతే చలికాలంలో, అనుభవమున్న గైడుతో, హెల్మెట్, బూట్లకు మేకుల పట్టీలు వేసుకొని పోవాలి. గైడు వద్దన్న రోజు తిరిగి రావాలి. టికెట్ డబ్బులు పోతే పోనీ.

ఇది విదేశాల సంగతి మాత్రమే కాదు. మన ఆదిలాబాద్ కుంటాల జలపాతం దగ్గర నున్నటి బండల మీద జారి, గుండాల్లో మునిగి ఎందరు యువకులు పోయారో మీకు తెలుసు. అక్కడా హెచ్చరిక బోర్డు ఉంది. అక్కడా "అందరూ దిగుతున్నారు కదా" అనే మాటే వినబడుతుంది.

మన గురువులు మనకు లెక్కలు, సైన్సు నేర్పారు. వాటితోపాటు "వద్దు" అన్నచోట ఆగడం కూడా నేర్పారు. ఆ పాఠం మన పిల్లలకు అందించమని కోరుతున్నాను.