త్రాటి కొనకు చిల్లిగవ్వ
(గ్రంథాలయ రజతోత్సవ సభయందలి ప్రసంగము)



పుస్తకములను గూర్చి పెద్దలు మాటలాడిరి. నేను పుస్తకమును కట్టు త్రాటిని, అందును ఆ త్రాటి కొనను గూర్చి రెండు మాటలు మనవి చేయుదును.

కొన సరిగా లేని త్రాడు పనికిరాదని చేతిపనివారందరు నెరుగుదురు. తాపీపనివాని దారమునకు గుండు లేనిచో గోడ నిలువు తెలియదు. విసురువల అంచున సీసపు గుండ్లు లేనిచో వల నీట మునుగదు. జడకు కుప్పెలు కట్టుట అందమునకు మాత్రమే కాదు, జడ చెదరక నిలుచుటకును.

తాళపత్ర గ్రంథమునకును ఇదే నియమము. ఆకులకు చిల్లు పొడిచి, పైనను క్రిందను చెక్క పలకలు చేర్చి, త్రాడు గ్రుచ్చి, దానినే కట్టచుట్టును చుట్టెడివారు. త్రాడు జారిపోకుండ ఒక కొనకు గవ్వనో, చిల్లు నాణెమునో, కొయ్యపూసనో కట్టెడివారు. సంతలో చెల్లని చిల్లిగవ్వ గ్రంథమునకు కావలి కాచెడిది.

మా తాతగారి యింట పశువైద్య గ్రంథమొకటి యుండెడిది. నా చిన్ననాట దాని గవ్వ పగిలినది. చిన్నపనియే కదా యని ఎవరును పట్టించుకొనలేదు. ఒకనాడు నేనే ఆ కట్టను విప్పితిని. గవ్వలేని కొన చిల్లునుండి జారి, ఆకులు నేలపాలైనవి. పీచు విడిన ఆ కొన మరల చిల్లున దూరలేదు. ఆకులను వరుస చూడక పోగువేసి అటకపై నుంచితిని. ఏండ్లకు తీసి చూడగా, అంకెలున్న అంచులను పురుగు తినివేసెను. వ్యాధి పేరు ఒక ఆకున నున్నది. దాని మందు ఏ యాకున నున్నదో తెలియరాలేదు.

ఆనాడు చేయవలసినది గడియసేపటి పని. సన్నని గట్టిదారమును మడచి, మడత త్రాటి కొనవైపున కుండునట్లు త్రాటిపై నుంచవలెను. దారపు పొడవుపోగును లోపలినుండి కొనవైపునకు, చుట్టు ప్రక్కన చుట్టు చేరునట్లు బిగించి చుట్టవలెను. చుట్టిన మేర త్రాటి లావునకు ఒకటిన్నర రెట్లున్న చాలును. పిమ్మట ఆ పోగును మడతలో దూర్చి, రెండవ కొసను లాగిన, అది చుట్ల క్రిందికి పోయి బిగియును. మిగిలిన కొసలను కత్తిరించవలెను. ముడి యుండదు గనుక కొన చిల్లున సులభముగ దూరును.

రెండవ కొనకు గవ్వను గాని పూసను గాని కట్టవలెను. అది చిల్లుకంటె పెద్దదై యుండవలెను. బరువు మాత్రము మితముగ నుండవలెను. బరువు హెచ్చిన ఆకు చినుగును. ఇనుపబిళ్ల తుప్పుపట్టి మరక చేయును. నైలాను త్రాటి కొన మంటకు కరగి అతుకును. నూలు కాలిపోవును గనుక దానికి దారమే శరణ్యము.

బ్రౌను దొర (1798–1884) తెలుగు తాళపత్రములను సేకరించి, పండితులచే సరిచూపించి ప్రతులు వ్రాయించెను. మన యూరికి ఆ పని మనమే చేసికొనవలెను. మీ అటకలపై తాటాకు కట్టలున్నచో, విప్పక, వరుస మార్చక ఇచ్చటికి తెండు. కొత్త త్రాడు మనము కట్టుదము.

పుస్తకము కొనలేనివారు ఒక చిల్లిగవ్వ తెచ్చి యిచ్చినను అది గ్రంథసేవయే యని మనవి చేయుచు, సెలవు తీసికొనుచున్నాను.